కారు అద్దానికి చెమ్మ పట్టింది లోపలా, బయటా?

సంపాదకుల వారికి నమస్కారం.

వానలు మొదలయ్యే వేళ పత్రికల్లో కారు నడిపేవారికి జాగ్రత్తలు వస్తుంటాయి. టైర్లు, బ్రేకులు, వైపర్ల సంగతి అయ్యాక చివర్న ఒక మాట ఉంటుంది: ముందు అద్దం మసకబారితే, దాని మీదికి గాలి పంపే డీఫ్రాస్ట్ బటన్ నొక్కండి అని. చలి ప్రాంతాల్లో ఆ సలహా చాలు. విశాఖపట్నంలో చాలదు. ఒక్కోసారి అదే బటన్ ఉన్న మసకను ఇంకా పెంచుతుంది. తేమ సెన్సర్ ఉన్న కొత్త కార్లలోనూ ఇదే జరుగుతోంది, ఆ సెన్సర్ ఏం చూస్తుందో ఏం చూడదో కొన్నవాళ్లకు చెప్పేవారు లేరు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాం.

అద్దానికి చెమ్మ రెండు వైపులా పట్టవచ్చు. గాలిలో ఉన్న తేమ నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతను డ్యూ పాయింట్ అంటారు. అద్దం ఏ వైపున ఆ వైపు గాలి డ్యూ పాయింట్ కంటే చల్లబడిందో ఆ వైపే మసక వస్తుంది. బీచ్ రోడ్డు మీద రాత్రి 28 డిగ్రీలు, 85 శాతం తేమ ఉందనుకుందాం. ఆ గాలి డ్యూ పాయింట్ దాదాపు 25 డిగ్రీలు. కారులో ఏసీ 20 మీద పెట్టి, గాలి అద్దానికి తగులుతుంటే అద్దం 25 కిందికి దిగడానికి ఎంతోసేపు పట్టదు. అప్పుడు బయటి గాలిలోని తేమే అద్దం బయటి ముఖం మీద వాలుతుంది. చల్లటి మజ్జిగ గ్లాసు బయట చెమర్చినట్టే ఇది. కారు లోపలి గాలికి దీంతో సంబంధం లేదు. ఇప్పుడు డీఫ్రాస్ట్ నొక్కితే ఏమవుతుంది? బ్లోయర్ (ఏసీ ఫ్యాన్) వేగం పెరిగి, 8 నుంచి 10 డిగ్రీల గాలి నేరుగా అద్దానికే తగులుతుంది. అద్దం ఇంకా చల్లబడి మసక ఇంకా చిక్కనవుతుంది.

ముందుగా ఏ వైపో తేల్చుకోవాలి. కారు ఆపి వేలితో లోపలి వైపు ఒక గీత గీయండి. గీత పడితే లోపలి చెమ్మ. పడకపోతే వైపర్ ఒక్కసారి తిప్పండి, తుడుచుకుపోతే బయటిది. నడుపుతూ ఉండగా గుర్తించడానికి ఆకారం చూడాలి. బయటి చెమ్మ సాధారణంగా డాష్‌బోర్డు మీది వెంట్లకు ఎదురుగా, అద్దం అడుగు భాగంలో విసనకర్ర ఆకారంలో మొదలవుతుంది. లోపలిదైతే అద్దమంతా ఒకేసారి పాలపొరలా కమ్ముతుంది, పక్క అద్దాలకూ వెనుక అద్దానికీ కూడా పడుతుంది.

బయటి చెమ్మకు మందు తేలిక. వైపర్ ఒకసారి తిప్పి, ఏసీ ఉష్ణోగ్రతను 26 లేదా 27కు పెంచి, గాలిని ముఖం వైపో కాళ్ల వైపో మళ్లించి, బ్లోయర్ ఒక మెట్టు తగ్గిస్తే చాలు. ఏసీ ఆపనక్కర్లేదు. గాలిని అద్దం వైపే పంపాల్సి వస్తే అది వెచ్చగా ఉండాలి. ఈ ఒక్క నియమం రెండు రకాల చెమ్మకూ పనికొస్తుంది. లోపలి చెమ్మకు కావలసింది వెచ్చని పొడి గాలి, బయటి చెమ్మకు కావలసింది అద్దం వేడెక్కడం. డీఫ్రాస్ట్ నొక్కిన ప్రతిసారీ ఉష్ణోగ్రత నాబ్‌ను కూడా పైకి తిప్పడం అలవాటైతే ఈ ఊళ్లో సగం బాధ తీరుతుంది.

సముద్రం దగ్గర తిరిగే కార్లకు ఇంకో చిక్కుంది. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ, భీమిలి దాకా అలల తుంపర అద్దం మీద ఎండి కంటికి కనపడని ఉప్పు పొరగా మిగులుతుంది. మనం వంటలో వాడే ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటగానే తనంతట తానే నీరు లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఇంకా ముందే చెమ్మగిలుతుంది. అంటే అద్దం డ్యూ పాయింట్‌కు చేరకముందే తడిసిపోతుంది. ఎదురుగా వచ్చే బండి లైటు పడితే అద్దమంతా వెలుగు చెదిరి రోడ్డు కనపడదు. దీనికి ఏసీలో ఏ బటనూ లేదు. మంచినీళ్లతో అద్దాన్నీ, వైపర్ రబ్బరు అంచునూ కడగడమే దారి. పొడి వైపర్ తిప్పితే ఉప్పు అద్దమంతా పులుముకుంటుంది.

ఇక సెన్సర్ సంగతి. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉన్న కార్లలో చాలావాటికి లోపలి మిర్రర్ వెనుక, అద్దానికి ఆనుకుని నల్లటి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. దానికి సన్నటి చీలికలు కనిపిస్తే వాటి లోపల తేమ సెన్సర్ ఉన్నట్టే అనుకోవచ్చు. అక్కడే ఉండే వాన సెన్సర్ వేరు. అది అద్దంలోకి ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పంపి, బయట నీటి చుక్క పడితే వెనక్కి వచ్చే కాంతి తగ్గడాన్ని బట్టి వైపర్లను తిప్పుతుంది. కొన్ని కార్లలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. డాష్‌బోర్డు మీద గోళీలా కనిపించేది ఎండ సెన్సర్, బంపర్ వెనుక ఉండేది బయటి ఉష్ణోగ్రత సెన్సర్. వాటికి తేమతో పని లేదు.

తేమ సెన్సర్ మూడు సంగతులు కొలుస్తుంది: అద్దం పక్కనున్న గాలిలో తేమ శాతం, ఆ గాలి ఉష్ణోగ్రత, అద్దం ఉష్ణోగ్రత. తేమను కొలిచే భాగం రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పరిచిన పల్చటి పాలిమర్ పొర. పైనున్న ఎలక్ట్రోడ్‌కు సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. వాటి గుండా తేమ పొరలోకి దిగుతుంది. విద్యుత్తును నిలవ చేసే గుణంలో పాలిమర్ విలువ 3, 4 మధ్య ఉంటే నీటి విలువ 80 దాకా ఉంటుంది. అందుకే పొరలోకి కొద్దిపాటి తేమ చేరినా కెపాసిటెన్స్ (విద్యుత్తును నిలవ చేసే సామర్థ్యం) పెరుగుతుంది, చిప్ దాన్ని శాతంగా మార్చి ఏసీ కంట్రోల్ యూనిట్‌కు పంపుతుంది. అద్దం ఉష్ణోగ్రతను కొన్ని కంపెనీలు అద్దానికి ఆనించిన, వేడిని కొలిచే థర్మిస్టర్‌తో, కొన్ని దూరం నుంచే చూసే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్‌తో తీసుకుంటాయి.

కంట్రోల్ యూనిట్ ఆ అంకెలతో డ్యూ పాయింట్ లెక్కగట్టి, అద్దం దానికి ఎంత దూరంలో ఉందో చూస్తూ ఉంటుంది. లోపల 24 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే డ్యూ పాయింట్ దాదాపు 13. అద్దం 20లో ఉంటే మధ్యలో 7 డిగ్రీల ఎడం ఉంది, దిగులు లేదు. అదే ముసురు రోజున తడి బట్టలతో అయిదుగురు ఎక్కి, ఏసీ ఆపి, అద్దాలు మూసి కూర్చుంటే లోపల 27 డిగ్రీలు, 85 శాతం అయిందనుకోండి, డ్యూ పాయింట్ 24 దాటుతుంది. వానకు తడిసిన అద్దం 23లో ఉంటే పొర కమ్మేసినట్టే. ఎడం తగ్గుతున్నకొద్దీ కంట్రోల్ యూనిట్ అంచెలంచెలుగా పని మొదలుపెడుతుంది. లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ ఫ్లాప్‌ను బయటి గాలి వైపు తెరుస్తుంది, ఏసీకి చల్లదనం తెచ్చే కంప్రెసర్ వేస్తుంది, గాలిని కొంత అద్దం వైపు మళ్లిస్తుంది, బ్లోయర్ పెంచుతుంది. ఈ క్రమం కంపెనీని బట్టి మారుతుంది. ఏసీ దానంతట అదే ఆన్ అవుతోంది, ఫ్యాన్ ఉన్నట్టుండి మోగుతోంది, రీసర్క్యులేషన్ లైటు ఆరిపోతోంది అంటూ వచ్చే ఫిర్యాదుల్లో చాలా వరకు సెన్సర్ తన పని తాను చేసుకుపోవడమే. అది చెడిపోయిందని తీగ పీకించుకోవద్దు.

బయటి వైపు చెమ్మ దీనికి కనపడదు. కారు లోపల కూర్చుని లోపలి గాలినే కొలుస్తుంది కాబట్టి బయటి గాలిలో తేమ ఎంతో దానికి తెలియదు. అద్దం 20లో ఉంది, లోపలి డ్యూ పాయింట్ 13లో ఉంది, అంతా క్షేమమనుకుని ఊరుకుంటుంది. అదే సమయంలో బయటి డ్యూ పాయింట్ 25లో ఉండి అద్దం తెల్లబారిపోతుంటుంది. ఆటో మోడ్ పెట్టాం కదా అని డ్రైవర్ కూడా ఊరుకోకూడదు. బయటి చెమ్మకు మనమే సెన్సర్.

ఇంకో సంగతి కూడా విశాఖకు ప్రత్యేకం. బయటి గాలిని లోపలికి రానిస్తే తేమ తగ్గుతుందన్న మాట చలి దేశాల్లో నిజం. 5 డిగ్రీల గాలి తడితో నిండిపోయినా ఘనపు మీటరుకు దాదాపు 7 గ్రాముల నీటినే మోయగలదు. దాన్ని 22కు వేడి చేస్తే తేమ దాదాపు 33 శాతానికి పడిపోయి అద్దాన్ని ఇట్టే ఆరబెడుతుంది. మన ఊరి గాలి అలాంటిది కాదు. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలి ఘనపు మీటరుకు 24 గ్రాముల నీరు మోసుకొస్తుంది. కంప్రెసర్ ఆపేసి ఆ గాలిని లోపలికి వదిలితే ఆరేది ఏమీ ఉండదు. విశాఖలో తేమను తీసేది ఏసీ కూలింగ్ కాయిల్ ఒక్కటే. 2 నుంచి 5 డిగ్రీల దగ్గర ఉండే ఆ కాయిల్‌కు తగిలి గాలిలోని నీరు కారిపోతుంది, పొడి గాలి బయటికొస్తుంది, కావాలంటే హీటర్ దాన్ని మళ్లీ వెచ్చబరుస్తుంది. వాన పడుతోంది, చల్లగా ఉంది, ఏసీ ఎందుకని ఆపేసేవారికి అద్దం తెల్లబడటానికి కారణం ఇదే. వానలో ఏసీ ఉండాలి. ఉష్ణోగ్రత మాత్రం 25, 26 పెట్టుకోవచ్చు.

ఈ లెక్కను ఇంకాస్త ముందుకు తీసుకెళ్తే ఇక్కడి ఏసీల కష్టం తెలుస్తుంది. బయట 32 డిగ్రీలు, 75 శాతం తేమ. లోపల 24 డిగ్రీలు, 50 శాతం కావాలి. ఒక కిలో బయటి గాలిని చల్లబరచడానికి దాదాపు 8 కిలోజౌళ్లు తీయాలి. అందులోని అదనపు నీటిని, అంటే 13 గ్రాములకు పైగా ఆవిరిని, నీరుగా మార్చడానికి దాదాపు 33 కిలోజౌళ్లు తీయాలి. చల్లబరచడం ఒక వంతయితే ఆరబెట్టడం నాలుగు వంతులు. అదే ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న పూట ఆ గాలిలో నీరు మనకు లోపల కావలసినంతే ఉంటుంది, తీయాల్సింది 16 కిలోజౌళ్లే. థర్మామీటర్ 8 డిగ్రీలు తక్కువ చూపించినా విశాఖలో బయటి గాలిని లోపలికి తెచ్చుకుంటే ఏసీ మీద రెండున్నర రెట్ల బరువు పడుతుంది. సరిగా పనిచేసే తేమ సెన్సర్ విలువ ఇక్కడే ఉంది. అద్దానికి ముప్పు లేనంతసేపూ లోపలి గాలినే తిప్పుతూ, అవసరమైనప్పుడే బయటి గాలికి తలుపు తీస్తుంది. సెన్సర్ తప్పు చదివి ఆ తలుపు ఊరికే తెరిచి పెడితే పెట్రోల్ బండికి మైలేజీ, ఎలక్ట్రిక్ బండికి రేంజ్ తగ్గుతాయి. లోపల ఉక్కపోత మాత్రం మిగులుతుంది.

తప్పు చదివితే ఎంత నష్టమో ఒక అంకెతో చెప్పవచ్చు. లోపల 24 డిగ్రీల దగ్గర నిజమైన తేమ 60 శాతం ఉండి, సెన్సర్ 50 అని చెబితే డ్యూ పాయింట్ లెక్క దాదాపు 3 డిగ్రీలు తక్కువ వస్తుంది. అద్దం మీద పొర వచ్చేసినా కంట్రోల్ యూనిట్ ఇంకా 3 డిగ్రీల ఎడం ఉందనుకుంటుంది. అటు ఎక్కువ చదివితే కంప్రెసర్‌కు విరామం ఉండదు.

ఎందుకు తప్పు చదువుతుంది? మొదటి కారణం ముందు అద్దం మార్పించడం. రాయి తగిలి పగిలిన అద్దాన్ని మార్చేటప్పుడు సెన్సర్‌ను ఊడదీసి కొత్త అద్దానికి పెడతారు. థర్మిస్టర్ రకానికి అద్దానికీ సెన్సర్‌కూ మధ్య మెత్తటి ప్యాడ్ ఉంటుంది. పాత ప్యాడ్‌నే మళ్లీ నొక్కి పెడితే మధ్యలో గాలి బుడగ మిగిలి, సెన్సర్ అద్దం ఉష్ణోగ్రతకు బదులు లోపలి గాలి ఉష్ణోగ్రత చదువుతుంది. అద్దం 15లో ఉన్నా 24 అంటుంది. చలి పూట ఆటో మోడ్ నిద్రపోవడానికి ఇదే ఎక్కువగా కారణం. ఒకే మోడల్ కారుకు సెన్సర్ బ్రాకెట్ ఉన్న అద్దం, లేని అద్దం అని వేరియంట్‌ను బట్టి రెండు రకాలు దొరుకుతాయి. బ్రాకెట్ లేనిది తెచ్చి సెన్సర్‌ను టేపుతో అంటించడం కుదరదు. బీమాతో మార్పించుకునేవారు అద్దం పార్ట్ నంబరు తమ వేరియంట్‌దేనా అని సరిచూసి, కొత్త ప్యాడ్ వేశారా అని అడిగి తీరాలి. కనెక్టర్ గుచ్చడం మరిచిపోయిన బండ్లు కూడా వస్తాయి. అప్పుడు కంట్రోల్ యూనిట్ తన దగ్గరున్న స్థిరమైన అంకెతో నెట్టుకొస్తుంది. డాష్‌బోర్డు మీద ఏ దీపమూ వెలగకపోవచ్చు.

రెండోది రసాయనాలు. ఆ పాలిమర్ పొర నీటినే కాదు, ద్రావకాల ఆవిరినీ పీల్చుకుంటుంది. కారు సెంటు, డాష్‌బోర్డు మెరుపు కోసం కొట్టే సిలికాన్ స్ప్రే, శానిటైజర్, అద్దం మూసి కొట్టే దోమల మందు, ఇవన్నీ పొరలోకి చేరి అంకెను పక్కకు జరుపుతాయి. కొన్ని రోజులు కిటికీలు తెరిచి గాలాడనిస్తే కొంత సర్దుకుంటుంది. సిలికాన్ పొర పేరుకుంటే మాత్రం సర్దుకోదు. ఏ స్ప్రే అయినా గుడ్డ మీద కొట్టుకుని తుడవాలి, మిర్రర్ వైపు కొట్టకూడదు. సెన్సర్ చీలికల్లోకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి బాగుచేయబోతే సెన్సర్ పూర్తిగా పోతుంది. చీలికల మీద దుమ్ము ఉంటే మెత్తటి పొడి బ్రష్‌తో దులిపితే చాలు. డాష్‌క్యామ్‌ను ఆ తొడుగుకు ఆనించి బిగించవద్దు. దాని వేడికి పక్క గాలి వేడెక్కి తేమ తక్కువగా కనిపిస్తుంది. ఫాస్టాగ్‌ను కూడా తొడుగుకు కాస్త ఎడంగా అతికించుకోవాలి.

సెన్సర్ నిజం చెబుతున్నా కారులోనే నీళ్లుంటే అది ఏం చేస్తుంది? విశాఖలో సెన్సర్ల కంటే ఎక్కువ తిట్లు తినాల్సింది ఏసీ డ్రెయిన్ పైపు. గంటకు 100 ఘనపు మీటర్ల బయటి గాలి లోపలికి వస్తే పైన చెప్పిన లెక్క ప్రకారం కాయిల్ నుంచి గంటకు లీటరున్నర నీరు కారాలి. ఆ నీరు ఎడమ సీటు ముందున్న గోడ అడుగు నుంచి సన్నటి రబ్బరు గొట్టం ద్వారా బండి కిందికి పోతుంది. దుమ్ము, ఆకుల చెత్త, బురద చేరి అది మూసుకుపోతే నీళ్లు కార్పెట్ కిందికి చేరతాయి. పైన తడి కనపడదు, కింద ఫోమ్ నానిపోయి ఉంటుంది. అప్పుడు ఎంత ఏసీ వేసినా తేమ తగ్గదు, ఆపిన మరుక్షణం అద్దాలన్నీ తెల్లబడతాయి, ముక్కిన వాసన వస్తుంది. పరీక్ష సులువు. ఉక్కగా ఉన్న రోజున 15 నిమిషాలు ఏసీ వేసి బండి కింద చూడండి, నీటి చుక్కలు పడుతుండాలి. పడకపోతే కార్పెట్ ఎత్తి చేత్తో నొక్కి చూడండి. గొట్టాన్ని కింది నుంచి తక్కువ ఒత్తిడి గాలితో ఊదించాలి. ఇనుప తీగ గుచ్చితే కాయిల్‌కు తగిలే ప్రమాదముంది. తడిసిన ఫోమ్‌ను పైపైన ఆరబెడితే లాభం లేదు, సీటు విప్పి, కార్పెట్ తీసి ఎండబెట్టాలి.

క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయినా ఇలాగే ఉంటుంది. గాలి తక్కువ పోతుంది కాబట్టి అద్దం ఆరదు. మార్చడం పది నిమిషాల పని.

కంప్రెసర్ ఆగినప్పుడు వచ్చే మసక గురించి చాలామంది అడుగుతుంటారు. నడుస్తున్నంతసేపూ కాయిల్ తడిగా ఉంటుంది. కంప్రెసర్ ఆగగానే కాయిల్ వేడెక్కి, దాని మీది నీరు మళ్లీ ఆవిరై వెంట్ల గుండా వచ్చి చల్లటి అద్దానికి తగులుతుంది. ఒకటి రెండు క్షణాల్లో పొర కమ్ముతుంది. ఇల్లు చేరే ముందు రెండు మూడు నిమిషాలు కంప్రెసర్ ఆపి బ్లోయర్ నడపడం కాయిల్ ఆరడానికీ వాసన పట్టకుండా ఉండటానికీ మంచిదే. వానలో, ట్రాఫిక్‌లో మాత్రం ఆ పని చేయకూడదు. చేసినా గాలిని కాళ్ల వైపు పెట్టి, బయటి గాలి తీసుకుంటూ చేయాలి. కాయిల్ దగ్గరి థర్మిస్టర్ చెడి కంప్రెసర్ ఆగకపోతే ఇంకో రకం తంటా. కాయిల్ మీద మంచు గడ్డకట్టి గాలి సన్నగిల్లుతుంది, కాసేపు ఆపితే గడ్డ కరిగి మళ్లీ గాలి వస్తుంది. అరగంట నడిపాక గాలి తగ్గి, పది నిమిషాలు ఆపితే మామూలవుతోందంటే ముందు చూడాల్సింది ఈ థర్మిస్టర్‌నే.

వీటిలో ఏదీ చూడకుండా గ్యాస్ నింపడం ఈ ఊళ్లో పాతుకుపోయిన అలవాటు. బయట తేమ ఎక్కువున్న రోజు వెంట్ గాలి కొంత వెచ్చగా రావడం సహజం. కంపెనీల సర్వీస్ చార్టుల్లో వెంట్ ఉష్ణోగ్రతను బయటి వేడినీ తేమనూ బట్టి వేరువేరుగా ఇస్తారు. ఆ చార్టు చూడకుండా, పాత గ్యాస్‌ను తీసి తూచకుండా పైన ఇంకొంచెం ఎక్కిస్తే వేడిని బయటికి వదిలే కండెన్సర్‌లో ఒత్తిడి పెరిగి చల్లదనం ఇంకా తగ్గుతుంది. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములని రాసి ఉంటే అన్ని గ్రాములే, తూకం ప్రకారం ఎక్కాలి.

సెన్సర్‌ను పరీక్షించే పద్ధతి కూడా రాస్తున్నాం, కస్టమర్లు దగ్గరుండి అడిగి చేయించుకోవచ్చు. బండిని నీడలో పెట్టి, నాలుగు తలుపులూ తెరిచి, ఏసీ ఆపి 15 నిమిషాలు వదలాలి. ఇగ్నిషన్ ఆన్ చేసి, కారు కంప్యూటర్‌కు తగిలించి ఆ కంపెనీ ఏసీ డేటా చదవగల ఓబీడీ స్కానర్‌లో తేమ శాతం, అద్దం ఉష్ణోగ్రత చూడాలి. పక్కన తేమను కొలిచే చేతి హైగ్రోమీటర్ పెట్టి పోల్చాలి. అయిదారు శాతం తేడా ఉంటే ఫర్వాలేదు, 10 దాటితే అనుమానించాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో సెన్సర్ పక్కనే అద్దాన్ని కొలిస్తే 2 డిగ్రీలకు మించి తేడా రాకూడదు. తరువాత చీలికలకు జానెడు దూరం నుంచి నోటితో ఆవిరి ఊదండి. అంకె కొద్ది సెకన్లలో పెరిగి, ఒకటి రెండు నిమిషాల్లో మళ్లీ దిగాలి. అస్సలు కదలకపోతే కంట్రోల్ యూనిట్ చూపిస్తున్నది స్థిరమైన అంకె. సెన్సర్ కొనే ముందు కనెక్టర్, తీగలు చూడండి. నెమ్మదిగా కదిలితే పొర పాడయిందన్నమాట.

పోల్చే హైగ్రోమీటరే తప్పయితే పరీక్షంతా వృథా. దాన్ని సరిచూడటానికి వంటింటి ఉప్పు చాలు. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా కొన్ని చుక్కల నీళ్లు కలపండి, ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు. ఆ మూతనూ హైగ్రోమీటర్‌నూ గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఒక రాత్రంతా వదిలేయండి. గది వేడిమి దగ్గర లోపలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీటర్ 79 చూపిస్తే ఇకమీదట దాని అంకెలోంచి 4 తీసేసి చదువుకోండి.

సెన్సర్ లేని కార్లే ఊళ్లో ఇప్పటికీ చాలా ఉన్నాయి. వాటికి డ్రైవరే లెక్క చూసుకోవాలి. కారులో ఖాళీ జాగా సుమారు 3 ఘనపు మీటర్లు. 25 డిగ్రీల దగ్గర ఆ గాలి మొత్తం కలిపి మోయగల నీరు 70 గ్రాముల లోపే. ఊరికే కూర్చున్న ఒక మనిషి ఊపిరి, చెమట ద్వారా గంటకు దాదాపు 50 గ్రాముల నీరు వదులుతాడు. అయిదుగురు రీసర్క్యులేషన్‌లో, కంప్రెసర్ లేకుండా కూర్చుంటే అద్దాలు కమ్ముకోవడానికి పావుగంట కూడా ఎక్కువే.

డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున అరకు, లంబసింగి బయలుదేరేవారికి ఇది మరీ ముఖ్యం. ఊళ్లో బయటి చెమ్మతో మొదలైన ప్రయాణం ఘాట్ రోడ్డు ఎక్కేసరికి లోపలి చెమ్మగా మారుతుంది. కింద పనికొచ్చిన పద్ధతి పైన పనికిరాదు. ఘాట్ మొదలయ్యేలోపే రీసర్క్యులేషన్ తీసేసి బయటి గాలి పెట్టాలి, ఉష్ణోగ్రత 24, 25కు తిప్పాలి, ఏసీ లైటు వెలిగే ఉండాలి, గాలిని అద్దం, కాళ్ల వైపు పంచాలి. అవసరమైతే వెనుక అద్దాన్ని వేడి చేసే డీఫాగర్ కూడా వేసుకోవాలి. లంబసింగి వైపు ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగిన పూట చాలా కార్లలో కంప్రెసర్ పనిచేయదు, కాయిల్ గడ్డకట్టకుండా థర్మిస్టరే దాన్ని ఆపుతుంది. అది చెడిపోవడం కాదు. అక్కడ పైన చెప్పిన చలి గాలి లెక్క వర్తిస్తుంది కాబట్టి బయటి గాలి, హీటర్ రెండూ ఉంటే అద్దం ఆరిపోతుంది. మలుపులో అద్దం కమ్మేశాక బటన్లు వెతుక్కోవడం ప్రాణాంతకం. చెయ్యి చాపి అద్దాన్ని గుడ్డతో తుడిచినా చేతి జిడ్డు అంటుకుని, మళ్లీ అక్కడే ముందుగా పొర పడుతుంది.

డ్రైవింగ్ స్కూళ్ల వారికీ, అద్దాలు మార్చే షాపుల వారికీ మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. క్లచ్, గేరుతో పాటు వేలి గీత పరీక్షనూ, డీఫ్రాస్ట్‌తో పాటు ఉష్ణోగ్రత పెంచడాన్నీ మొదటి వారంలోనే నేర్పండి. అద్దం మార్చిన ప్రతి బండికీ బిల్లు మీద సెన్సర్ ప్యాడ్ కొత్తదా పాతదా, స్కానర్‌లో అద్దం ఉష్ణోగ్రత ఎంత చూపించిందీ రాసివ్వండి. మీరు కూడా ఈసారి వానాకాలం జాగ్రత్తలు వేసేటప్పుడు డీఫ్రాస్ట్ బటన్ పక్కన ఇంకో వాక్యం చేర్చగలరు: చెమ్మ లోపలైతే ఏసీ ఆన్, బయటి గాలి, ఉష్ణోగ్రత 25కు పైన, గాలి అద్దం వైపు, చెమ్మ బయటైతే వైపర్ ఒకసారి, ఉష్ణోగ్రత పైకి, గాలి అద్దం మీంచి పక్కకు.

ఇట్లు,
కారు ఏసీ మరమ్మతు పనివారు కొందరు,
ఆటోనగర్, గాజువాక,
విశాఖపట్నం.